ఈ ఆదివారం బంద్

సర్పి మీద నేనొక వ్యాసం రాశాను. చాలా కాలం కిందట ఒక చిన్న మాసపత్రికలో అచ్చయింది. నడుము మీదో ఛాతీ మీదో ఒక పక్కన పట్టీలాగా పొక్కులు లేస్తే మా వైపు దాన్ని సర్పి అంటారు. అది పాములా పాకుతుందనీ, చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి పోతాడనీ భయం. ఆ పాము దాటకుండా, తెలిసిన కుమ్మరి పెద్దమనిషిని పిలిచి ఎర్రమన్నుతో పొక్కుల చుట్టూ సింహం బొమ్మలు గీయిస్తారు. నా వ్యాసంలో ఉన్నది చాలా సాదా సంగతి. గీసినా గీయకపోయినా సర్పి కొన్ని వారాల్లో తగ్గుతుంది. అది ఒక నరాన్ని పట్టుకుని వస్తుంది, ఆ నరం ఒంటికి ఒక పక్కనే ఉంటుంది, కనుక తలా తోకా కలిసే ప్రసక్తే లేదు. తనంతట తాను తగ్గే జబ్బుకు ఎర్రమన్ను పేరు కొట్టేస్తోందని గట్టిగానే రాశాను. ఎంతమంది చదివారో తెలియదు. ఆ వ్యాసం ఒక రోజు నా సంసారంలోకి వస్తుందని మాత్రం రాసేటప్పుడు అనుకోలేదు.

అది సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం. నేను జనగామలో ప్రభుత్వ బడి టీచర్ని. నా భర్తది భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం. మాది నలభై దాటాక జరిగిన పెళ్లి. అతని మొదటి భార్య జబ్బుచేసి చనిపోయింది. నేను నా మొదటి పెళ్లిలోంచి కోర్టు మెట్లు ఎక్కి దిగి బయటికి వచ్చాను. ఒక చర్చాసభలో కలిశాం. దేవుడు లేడన్న ఒక్క విషయంలో తప్ప మిగతా అన్నిటిలో వాదించుకున్నాం. ఆ వాదన ముగించడం ఇష్టం లేకనే పెళ్లి చేసుకున్నామేమో. మంత్రాలు లేవు, తాళి లేదు. దండలు, ఉపన్యాసాలు. ఉపన్యాసాలు సాగి సాగి అన్నం చల్లారిపోయిందని మా అత్తమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. నేను మొగుణ్ణి నువ్వు అని పిలవడం ఆమెకు రెండో బాధ.

ఉద్యోగాలు రెండు ఊళ్లలో కావడంతో మేం ఆదివారం మొగుడూ పెళ్లాలం. అతను శనివారం బండెక్కి వచ్చేవాడు, సోమవారం పొద్దున్నే పోయేవాడు. సమ్మె వచ్చి గని మూసింది, బడి మూసింది, బస్సులు ఆపింది. మాకు మాత్రం కాపురం తెరిచింది. తల్లిని మోటారుసైకిలు వెనక కూర్చోబెట్టుకుని పరకాల, హన్మకొండ మీదుగా జనగామ వచ్చేశాడు. దారిలో రాస్తారోకో ఉన్న ప్రతి చోటా అత్తమ్మ దిగి చాయ్ తాగి, "జై తెలంగాణ" అని మళ్లీ ఎక్కిందట. చౌరస్తాలో టెంటు, టెంటులో పాటలు, రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు. మా ఆయన పెద్ద గరిటె పట్టుకుని పప్పు తిప్పుతుంటే పక్కన నిలబడి నినాదాలిస్తూ, ఉద్యమం గెలవాలి కానీ మరీ తొందరగా గెలవనక్కర్లేదని లోపల ఎక్కడో అనుకున్న మాట నిజం.

కానీ వచ్చిన రోజు నుంచే అతను ముందు గదిలో చాప వేసుకుని పడుకున్నాడు.

"నడుము కింద సర్పి లేసింది. నీకంటుతదేమో," అన్నాడు.

అత్తమ్మ చెవిన ఆ మాట పడింది. ఆమె ఆ గంటలోనే వీధిలోకి పోయి, ఎర్రమన్ను గీసే మనిషి ఎవరున్నారని ఆరా మొదలుపెట్టింది. నేను వద్దన్నాను. "నీ పుస్తకాలు నువ్వు చదువుకో. నా కొడుకు నా కొడుకే," అంది.

ఒక మధ్యాహ్నం మర్నాటి వంటావార్పు కోసం నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. అతను ఎదురుగా కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తున్నాడు. అత్తమ్మ పక్కింట్లో ఉంది. నేను ఊరికే, మాటకు మాటగా అడిగాను.

"ఏ పక్కన?"

"ఏంది?"

"సర్పి. కుడి పక్కనా, ఎడమ పక్కనా?"

"రెండు దిక్కుల ఉన్నది."

నా చేతిలో చేట ఆగింది.

"నడుమ గూడ ఉన్నది," అన్నాడు, ఇంకా నమ్మకం కలిగిద్దామని.

"నా సర్పి వ్యాసం చదివిన అన్నవు కదా?"

"చదివిన."

"ఏం చదివినవ్? సర్పి రెండు దిక్కుల రాదనే గదా అందుల రాసింది!"

అతను ఇంకో ఎల్లిపాయ తీసుకున్నాడు. "సగమే చదివిన," అన్నాడు. "మంచిగనే ఉన్నది, కాని పొడుగున్నది."

తరువాత మెల్లగా చెప్పాడు. భూపాలపల్లిలో డాక్టరుకు చూపించుకున్నాడు. డాక్టరు హెర్పీస్ అన్నాడు. గోలీలు తీసుకుంటుంటే మందుల షాపతను, "సర్పా అన్నా?" అని అడిగాడు. సర్పికి కూడా ఆ గోలీలే ఇస్తారు. ఇతనికి నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఒక మర్యాదైన మాట దొరికింది. అవునన్నాడు. అక్కడి నుంచి తల్లికీ అదే, నాకూ అదే.

"మరి ఎక్కడ లేసింది?"

అతను పక్కింటి వైపు చూసి, గొంతు తగ్గించి, "కింద," అన్నాడు.

హెర్పీస్ అన్నది ఇంటిపేరు. ఆ ఇంట్లో సర్పి తెచ్చే క్రిమి వేరు, ఇది తెచ్చే క్రిమి వేరు. అంతవరకు నాకు తెలుసు. ఇది ఆలుమగలు కలిసినప్పుడు అంటుకునే జబ్బని కూడా తెలుసు. ఆ తరువాత తెలియవలసింది చాలా ఉంది. కానీ అప్పుడు నా బుర్రలో ఒక్క ప్రశ్నే గిర్రున తిరిగింది. ఎవరు?

"డాక్టరు ఇంకేమన్నడు?"

"ఇంటామెకు చెప్పమన్నడు."

"చెప్పవైతివి."

"చెప్పేటందుకే వచ్చిన. తొవ్వల రాస్తారోకో కాడ ఆగినప్పుడల్లా అనుకున్న, ఇంటికి పోంగనే చెప్పాలె అని. ఇంటికొస్తే నువ్వు కోడికూర వండినవ్." ఎల్లిపాయ పక్కన పెట్టి అన్నాడు: "నేనెక్కడికి పోలే. నీ మీద ఒట్టు."

"ఒట్లు పెట్టుకోవద్దని ఊరూరా తిరిగి చెప్పేది మనమేనా?"

"మరి దేని మీద పెట్టాలె? రాజ్యాంగం మీదనా?"

నాకు నవ్వు రావలసింది, రాలేదు. అతను ఎల్లిపాయ పొట్టు ఊది దులుపుతూ, అంతకుముందే తీర్మానించుకున్న మాట బయట పెట్టాడు.

"ఇది తగ్గినట్టే తగ్గి మళ్ల లేస్తదట. పోనే పోదట. సమ్మె అయిపోంగనే క్వార్టర్‌కు పోత. ఇగ ఆదివారాలు రాను. నీకంటియ్యను."

కోపం, అనుమానం మోయగలను. ఇది మాత్రం నా గుండె మీద పడ్డది. నలభై ఏళ్లకు దొరికిన ఆదివారాలు నావి. అతను వాటిని మర్యాదగా మూటకట్టి నాకే తిరిగి ఇచ్చేస్తున్నాడు.

"ముందు ఇద్దరం పోయి డాక్టరును అడుగుదాం. ఆ తర్వాత నీ తీర్మానం," అన్నాను.

జనగామలో అడిగే పని లేదు. అక్కడ నేను మందుల షాపు మెట్టెక్కితే, "టీచరమ్మకేమైంది?" అని అడిగేవాళ్లు దారి పొడుగునా ఉంటారు. మహబూబాబాద్‌లో ఒక పాత చర్మవైద్యుడున్నాడని విన్నాను. ఆ వారం రైళ్లు నడుస్తున్నాయి. మానుకోటలో మీటింగుందని అత్తమ్మకు చెప్పి పొద్దున్నే బయలుదేరాం. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం.

స్టేషన్ ఘన్‌పూర్ దాటాక కిటికీలోంచి గోడలు చూస్తూ కూర్చున్నాను. పట్టాల పక్క గోడలన్నిటి మీదా రెండే రాతలు. ఒకటి "జై తెలంగాణ". రెండోది "గుప్తరోగాలకు గ్యారంటీ చికిత్స". కొన్ని చోట్ల రెండూ ఒకే గోడ మీద, ఒకే చేతిరాతలో ఉన్నాయి. రంగు డబ్బా వాడికి రెండూ బేరమే. ఎనభై మంది కూర్చున్న పెట్టెలో అందరూ ఆ గోడలు చూస్తున్నారు, మొదటి రాతను గొంతెత్తి అంటున్నారు, రెండోది కనబడనట్టే ఉన్నారు. మన జాతి మొత్తం కలిసి దాచుకున్న రోగమైతే అది గుప్తం ఎట్లా అవుతుందని నాకు మంట పుట్టింది. గోడకెక్కిన దాన్ని మనిషి నోటికెక్కించడానికి ఎందుకింత చావు?

మహబూబాబాద్‌లో దవాఖాన బోర్డు చూశాక ఆ మంట ఇంకా పెరిగింది. "చర్మ, సుఖ వ్యాధుల వైద్యులు." సుఖవ్యాధి! జలుబు పక్కవాడి నుంచి వస్తే దానికి స్నేహవ్యాధి అని పేరు పెట్టలేదు. కలరా నీళ్లలోంచి వస్తే దాహవ్యాధి అనలేదు. ఆడదీ మగాడూ దగ్గరైతే వచ్చేదానికి మాత్రం సుఖం పేరు తగిలించారు. సుఖపడ్డావు కదా, అనుభవించు అన్న తీర్పు ఆ మాటలోనే ఉంది. డాక్టరు నోరు విప్పకముందే బోర్డు శిక్ష వేసేసింది.

"గీ మాట మీద గూడ వ్యాసం రాస్తవా?" అన్నాడు మా ఆయన, నా మొహం చూసి.

"రాస్త."

"జర పొట్టిగ రాయి. మొత్తం చదువుత."

లోపల బెంచీల మీద మనుషులు ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు. పక్కనున్న పెద్దాయన ఉండబట్టలేక మా ఆయన్ని అడిగాడు. "నీకేంది తమ్మీ?"

"సర్పి."

"నాకు తామర," అన్నాడాయన. ఎదురు బెంచీ మీది ఆమె, "నాకు గూడ తామరే," అంది ఎవరూ అడగకుండానే. ఆ గదిలో అందరికీ తామరే. ఒక్కరి చెయ్యి కూడా ఒంటి మీద గోక్కోవడం లేదు.

డాక్టరు ఆ ఊరి ముస్లిం పెద్దమనిషి. తెల్లగడ్డం, మందపు కళ్లద్దాలు. కుర్చీలో కూర్చోగానే నేను ముందు చెప్పదలచుకున్నది చెప్పేశాను.

"సుఖవ్యాధి అన్న మాట నాకు నచ్చలేదు డాక్టర్‌సాబ్."

ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. "టీచరమ్మనా?"

"అవును."

"నాగ్గూడ నచ్చదమ్మా. కాని గది రాయకుంటే ఎవ్వలు లోపలికి రారు. గది రాసినంక అందరికి తామరనే. ఏం చేద్దాం?"

మా ఆయన్ని లోపలికి తీసుకుపోయి చూసి వచ్చాడు. చేతులు కడుక్కుంటూ, "మీ భూపాలపల్లి డాక్టరు సరింగనే చెప్పిండు. పరేషాన్ కాకుండ్రి. గిది శానా మామూలు. ఉన్నోళ్లల్ల శానామందికి ఉన్నట్టే తెల్వది," అన్నాడు.

"ఎప్పుడొచ్చింది?" అన్నాను.

"చెప్పలేం."

"పోయిన నెలనా? పెళ్లికి ముందటనా?"

"గదైనా కావచ్చు, గిదైనా కావచ్చు. అంటిన కొన్ని రోజులకు పొక్కులు లేసేటోళ్లుంటరు. ఏండ్లకేండ్లు లేవనోళ్లుంటరు. నరం మొదట్ల పోయి పండుకుంటది టీచరమ్మా." కిటికీ బయట రోడ్డు మీద ఊరేగింపు పోతోంది, డప్పులు మోగుతున్నాయి. ఆయన అటు చెయ్యి చూపించాడు. "మన తెలంగాణ లెక్కనే. అరవై తొమ్మిదిల లేసింది. పండుకున్నది. ఇగ పోయింది అన్నరు అందరు. పోయిందా?"

మా ఆయన ఆ జబ్బు వచ్చాక మొదటిసారి గట్టిగా నవ్వాడు. "పోలే!"

"గట్లనే. కాకపోతే ఒక్క ఫరక్. ఉద్యమం గెలుస్తది. గిది గెలువది, పోది. దీంతోటి ఒప్పందం చేసుకొని బతుకుడే. పోనుపోను దాని జోరు తగ్గుతది, లేసుడు తక్కువైతది."

నేను నవ్వలేదు. నా ప్రశ్న ఇంకా నిలబడే ఉంది. ఆయన నా వైపు తిరిగాడు.

"మీకెప్పుడన్న పొక్కులు లేసినయా అమ్మా?"

"లేదు," అన్నాను, సభలో జవాబిచ్చినంత చురుగ్గా.

"వేడి చేసిందని సబ్జగింజలు నానబోసుకొని తాగినరా ఎప్పుడన్న?"

ఎవరైనా తాగుతారు, అందామని నోరు తెరిచాను. అంతలో గుర్తొచ్చింది. నా మొదటి కాపురం రోజులు. కింద మంట, మూత్రానికి పోతే ఏడుపొచ్చేంత నొప్పి, చిన్న చిన్న పుండ్లు. మా అమ్మకు చెబితే, "వేడి చేసింది బిడ్డా," అని సబ్జగింజలూ ధనియాల నీళ్లూ ఇచ్చింది. తగ్గింది. మళ్లీ కొన్నాళ్లకు వచ్చింది, మళ్లీ సబ్జగింజలు. మళ్లీ తగ్గింది. తనంతట తాను తగ్గేదానికి ఎర్రమన్ను పేరు తెచ్చుకున్నట్టు, సబ్జగింజలు పేరు తెచ్చుకున్నాయి. సర్పి మీద అన్ని పేజీలు రాసిన నాకు ఆ 'వేడి' అన్నది ఎన్నడూ ప్రశ్నలా కూడా తోచలేదు. అది అమ్మ మాట. అమ్మ మాట అడుగున ఏముందో ఎవరు ఎత్తి చూస్తారు?

చెప్పాను. ఆయన తలూపాడు.

"అయితే గదే కావచ్చు, కాకపోవచ్చు. మీ నుంచి ఆయనకు రావచ్చు. ఆయన నుంచి మీకు రావచ్చు. ఇద్దరికి పాత సంసారాలల్లనే వచ్చి ఉండొచ్చు. రక్తపరీక్ష చేపిస్తే ఉన్నదా లేదా అని ఒక అందాజ చెప్తది. ఎవలు తెచ్చిన్లన్నది మాత్రం ఏ పరీక్ష చెప్పది."

నేను మా ఆయన వైపు చూశాను. ఇప్పుడు అడగవలసిన వంతు అతనిది. ఎవరు అన్న ప్రశ్న బల్ల దాటి అతని వైపు పోయింది. అతను దాన్ని ముట్టుకోనే లేదు. "నొప్పి బాగుండెనా అప్పుడు?" అని మాత్రం అడిగాడు.

వేదికల మీద నేను వందసార్లు చెప్పిన మాట ఒకటుంది. ప్రమాణం లేనిచోట తెలియదు అని చెప్పగలగడమే వివేకం అని. దయ్యం పట్టిందన్నవాణ్ణీ, చేతబడి చేశారన్నవాణ్ణీ ఆ మాటతోనే ఎదుర్కొన్నాను. చేతబడి చేసింది ఎవరు అని వెతికే ఊరికీ, జబ్బు తెచ్చింది ఎవరు అని వెతికే మొగుడూపెళ్లాలకూ తేడా ఎంత? జబ్బుకు క్రిమి ఉంటుంది. దోషిని మాత్రం మనమే తయారుచేస్తాం. ఆ గదిలో, ఆ డప్పుల చప్పుడులో, తెలియదు అన్న మాట నాకు ఇంతకు ముందెన్నడూ లేనంత తేలిగ్గా తోచింది. పెద్ద బరువు దించుకున్నట్టు కూర్చున్నాను.

తరువాత ఆయన వివరంగా చెప్పాడు. పొక్కులు లేచినప్పుడూ, లేవబోయే ముందు తిమ్మిరీ మంటా మొదలైనప్పుడూ కలవొద్దు. మిగతా రోజుల్లో నిరోధ్ వాడితే అంటుకునే భయం తగ్గుతుంది, పూర్తిగా పోదు. పొక్కులు లేవని రోజుల్లో కూడా ఒక్కోసారి అంటవచ్చు. మొదలవుతుండగానే గోలీలు వేసుకుంటే తొందరగా మానుతుంది. ఒకే మంచం మీద పడుకుంటే, ఒకే కంచంలో తింటే ఇది రాదు. ఇద్దరూ హెచ్ఐవీకి, సవాయి రోగానికి, అంటే సిఫిలిస్‌కు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. అవి చేయించుకున్నాం. తరువాత రెండూ లేవనే వచ్చింది.

లేచేముందు మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అంటే డాక్టర్‌సాబ్, నేను ఆదివారం ఇంటికి రావచ్చునా?"

"ఎవల ఇంటికి?"

"మా ఇంటికే."

"మీ ఇంటికి మీరు రాకుంటే ఇంకెవలస్తరయ్యా?" అన్నాడు డాక్టరు.

అతను నవ్వాడు కానీ, రైల్లో మళ్లీ ముడుచుకుపోయాడు. పొక్కులు లేవనప్పుడు వస్తాననీ, లేచిన వారం రాననీ, అదే ఇద్దరికీ మంచిదనీ అన్నాడు. నేను అప్పటికి వాదించలేదు.

జనగామలో ఇంటికి చేరేసరికి వాకిట్లో ఒక పెద్దమనిషి గొంతుకూర్చుని గిన్నెలో ఎర్రమన్ను కలుపుతున్నాడు. అత్తమ్మ మా 'మీటింగు'ను బాగా వాడుకుంది. దేవరుప్పుల నుంచి సర్పి గీసే ఆయన్ని పిలిపించింది. నన్ను చూసి ఆయన మొహం వెలిగిపోయింది. బడిలో సైన్సు ప్రదర్శన పెట్టినప్పుడు ఆయనతో నేను పిల్లల ముందే వాదనకు దిగాను.

"ఓ టీచరమ్మా! సర్పికి మన్నుతోటి పనిలేదని నాతోటి పంచాయితి పెట్టుకుంటివి. ఇప్పుడు నీ ఇంట్లనే లేసిందా?" అని, మా ఆయన వైపు తిరిగి, "ఏ జాగల లేసింది బిడ్డా? జర అంగి లేపు," అన్నాడు.

మా ఆయన అంగీ లేపలేదు. లుంగీ ముడి మాత్రం రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇంకింత కిందికా? సిగ్గెందుకు? లుంగి మీదికెల్లే గీస్త. మన్ను బట్టలకెల్లి గూడ పనిచేస్తది."

"గీయించుకో కొడుకా," అంది అత్తమ్మ. "దాని మాట ఇనకు. దేవుడు లేడంటది, సర్పి లేదంటది, రేపు నేను గూడ లేనంటది."

గని లోపల పైకప్పు కూలినా బెదరని మనిషి నన్ను చూసిన చూపు చూసి నేను అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను. "అత్తమ్మా, జర లోపలికి రా."

వంటింట్లో నిలబెట్టి చెప్పాను. మేం మానుకోట పోయింది మీటింగుకు కాదు, డాక్టరు దగ్గరికనీ, అది సర్పి కాదనీ, ఆలుమగల నడుమ అంటుకునే జబ్బనీ, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడనీ, ప్రాణానికి భయం లేదనీ చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను.

"ఇద్దరు మందు తాగుతున్నరా?" అంది.

"ఆయన తాగుతున్నడు. నాకు లేస్తే నేను గూడ తాగుత."

"మరి నాకెందుకు చెప్పలే? నేనేమన్న నీ లెక్క పత్రికల రాస్తనా?"

ఆ మాటతోనే బయటికి నడిచింది. "తగ్గిందట తాతా. మానుకోటల సూది ఏసిన్లట," అని ఆ పెద్దమనిషితో అంది.

"మన్ను కలిపిన గదా," అన్నాడాయన చిన్నబోయి. "కలిపినంక ఊకె పారబోయొద్దు."

"అయితే గోడకు గియ్యి."

ఆయన మా ప్రహరీ గోడ మీద ఒక సింహాన్ని గీశాడు. మీసాలతో, పైకెత్తిన తోకతో బ్రహ్మాండంగా వచ్చింది. అత్తమ్మ ఆయనకు చాయ్ పోసి పంపింది. హేతువాది ఇంటి గోడ మీద సర్పి సింహం. చాలా రోజులు చెరపలేదు. ఊరేగింపులో పోయేవాళ్లు దాన్ని తెలంగాణ సింహం అనుకుని దానికి జై కొట్టిపోయేవారు.

చివరికి సమ్మె ఆగింది. అతను భూపాలపల్లి పోయాడు. అత్తమ్మ నా దగ్గరే ఉండిపోయింది. మొదటి ఆదివారం వచ్చాడు, ముందు గదిలో చాప అడగలేదు. ఇంకో ఆదివారం కూడా వచ్చాడు. ఆ తరువాత ఒక శుక్రవారం నేను స్టాఫ్ రూమ్‌లో ఉండగా ఫోను చేశాడు.

"ఈ ఆదివారం రాను. మంట మొదలైంది. లేస్తున్నట్టుంది," అన్నాడు.

చుట్టూ టీచర్లున్నారు. రాజకీయం, ధరలు, దేవుడు లేడన్న సంగతి అక్కడ ఎంత గట్టిగానైనా మాట్లాడగలను. ఈ మాటకు మాత్రం తలుపు వెతుక్కుంటూ లేవాల్సి వచ్చింది. తలుపు దగ్గర నోటికి వచ్చిన మాటను పట్టుకున్నాను.

"అంటే ఈ ఆదివారం బంద్ అంటవు."

అతని గొంతులో నవ్వు తగిలింది. "అవు. బంద్."

"సంపూర్ణ బందా?"

"సంపూర్ణ బందే."

"అయితే ఇను," అన్నాను. "బంద్ నాడు మనం ఏం చేసినం? ఎవలింట్ల వాళ్లం తలుపులు ఏసుకొని కూసున్నమా? అందరం ఒక్కకాడికి వచ్చి, రోడ్డు మీద పొయ్యి పెట్టి, కలిసి వండుకొని తిన్నం. బంద్ అంటే ఒకటి రెండు పనులు ఆపుడు. మనుషులు వచ్చుడు ఆపుడు కాదు. నువ్వు రా. గరిటె నీకోసం చూస్తున్నది."

అతను ఫోను పెట్టేశాడు. వస్తాడో రాడో తెలియలేదు. తెలియదు అన్న మాట ఈసారి అంత తేలిగ్గా లేదు.

ఆదివారం పొద్దున అత్తమ్మ కూరగాయలకు పోయి ఖాళీ సంచీతో తిరిగొచ్చింది. "బజారుల సగం దుకాణాలు తెరువలే. ఇయ్యాల బంద్ అట. ఎవలు పిలిచిన్లో ఎవ్వలకు తెల్వది," అంది. శుక్రవారం ఫోనులో నేనన్న మాట గుర్తొచ్చింది. స్టాఫ్ రూమ్‌లో నా మాట విన్న సోషల్ టీచరు స్టేషను దగ్గరి చాయ్ హోటలాయనకు చెప్పాడని, ఆయన వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పాడని తరువాత తెలిసింది. ఆ రోజుల్లో జనగామలో బంద్ ఎవరు పిలిచారని అడిగే అలవాటు ఎవరికీ లేదు. ఆధారం లేని మాట ఎట్లా పాకుతుందో ఇన్నేళ్లుగా రాసిన నేనే, ఒక పూట ఊరు మూయించాను.

పదిన్నరకో పదకొండుకో బయట మోటారుసైకిలు ఆగింది. సింహం పక్కన బండి నిలబెట్టి అతను లోపలికి వచ్చాడు. మొహం నిండా దుమ్ము.

"ఎవడో బంద్ పెట్టిండట," అన్నాడు విసుగ్గా. "స్టేషన్ కాడ చాయ్ గూడ దొరకలే. ఎవడే వాడు?"

నేను చెప్పలేక నవ్వుతూ గోడకు చేరగిలబడ్డాను. అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక అక్కడే అరుగు మీద కూలబడి నవ్వాడు.

రాష్ట్రం వచ్చింది. డాక్టరు చెప్పినట్టే అతనికి లేవడం తక్కువైంది. నాకు ఒకసారి లేచింది, అప్పుడు సబ్జగింజలు తాగలేదు, గోలీలు వేసుకున్నాను. ఇప్పటికీ ఏ ఆరు నెలలకో ఒక ఆదివారం మా ఇంట్లో బంద్ ఉంటుంది. ఆ రోజు అతను తప్పకుండా వస్తాడు.

ఆ మొదటి బంద్ నాడు మాత్రం, మేమింకా అరుగు దగ్గర నవ్వుతుండగానే, వంటింట్లోంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"నవ్వింది సాలు గని, చాయ్ తాగి ఆ ఎల్లిపాయలు ఒలువుండ్రి. బంద్ నాడు గూడ ఆకలైతది."